కాలిఫోర్నియా సిటీ కౌన్సిల్ మీటింగ్: నియమాలు తెలుసుకుని మాట్లాడటం ఎలా?

సాయంత్రం ఏడింటికి మీటింగ్ మొదలైంది. మా వంతు వచ్చేసరికి రాత్రి పదీ నలభై. మా పిల్లలు చదివే ఎలిమెంటరీ స్కూల్ ముందు, రోడ్డు దాటే చోట ఫ్లాషింగ్ లైట్లు పెట్టించమని అడగడానికి పదిహేడు మందిమి వెళ్లాం. చంటిపిల్లలున్నవాళ్లు, తెల్లారగానే ఆఫీసు కాల్స్ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోగా చివరికి ఆరుగురం మిగిలాం. నేను మైకు దగ్గరికెళ్లి మూడు నిమిషాలూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడాను. మేయర్ ‘థాంక్యూ’ అని తర్వాతి పేరు పిలిచారు. ఒక్క ప్రశ్న లేదు, ‘చూస్తాం’ అన్న మాటైనా లేదు.

మర్నాడు కౌన్సిల్ అజెండాలు, రికార్డులు చూసే అధికారి సిటీ క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆవిడ ఓపిగ్గా రెండు సంగతులు చెప్పారు. మేం మాట్లాడిన విషయం ఆ రోజు అజెండాలో లేదు కాబట్టి దాన్ని చర్చించడానికి కౌన్సిల్‌కు చట్టం ఒప్పుకోదు. ఇది మొదటిది. రెండోది విన్నాక నాకు నోట మాట రాలేదు. రోడ్డు భద్రత పనులకు ఆ ఏడాది డబ్బు కేటాయించే అంశం అదే రాత్రి ఏడూ ఇరవైకి, మిగతా పదిహేను అంశాలతో కలిపి ఒకే ఓటుతో, మా కళ్లముందే పాసైపోయింది. మేం ఆ హాల్లోనే కూర్చుని ఉన్నాం.

అప్పటి నుంచి ఈ నియమాలన్నీ పట్టుకుని చదివాను. ఫ్రీమాంట్, శాన్‌హోజే, శాన్‌రామన్, డబ్లిన్, కూపర్టినో లాంటి ఊళ్లలో మనవాళ్లు వేలల్లో స్థిరపడ్డారు. ఇళ్లు కొన్నాం, పన్నులు కడుతున్నాం. పార్కులో క్రికెట్ పిచ్ కావాలన్నా, స్కూల్ దగ్గర సిగ్నల్ కావాలన్నా, పక్క స్థలంలో కట్టే అపార్టుమెంట్ల మీద అభ్యంతరం ఉన్నా వెళ్లాల్సింది కౌన్సిల్ దగ్గరికే. మాట్లాడటానికి వాళ్లిచ్చే మూడు నిమిషాల మీదే మన దృష్టంతా ఉంటుంది. అసలు పనంతా అంతకుముందు 72 గంటల్లో ఉంది.

ముందు: ఏ నియమం ఎక్కడ ఉంటుంది

మూడు పొరలున్నాయి. అన్నిటికంటే పైన రాష్ట్ర చట్టం, కౌన్సిళ్ల సమావేశాలు బహిరంగంగా జరగాలనే బ్రౌన్ యాక్ట్. కౌన్సిళ్లు తలుపులేసుకుని నిర్ణయాలు చేసేస్తున్నాయని 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక వరుస కథనాలు రాసింది. మోడెస్టో నుంచి అసెంబ్లీకి ఎన్నికైన రాల్ఫ్ బ్రౌన్ బిల్లు పెట్టారు, 1953లో చట్టమైంది. దాని పీఠికలో ఒక మాట నాకు చాలా ఇష్టం. ప్రజలు అధికారాన్ని అప్పగించినంత మాత్రాన, తాము ఏం తెలుసుకోవాలో ఏం తెలుసుకోకూడదో తేల్చే హక్కును కూడా ప్రజాసేవకులకు ఇచ్చేసినట్టు కాదు అంటుంది.

రెండో పొర మీ ఊరి సొంత నియమాలు: మునిసిపల్ కోడ్, చార్టర్ (ఊరి సొంత రాజ్యాంగం లాంటిది) ఉంటే చార్టర్, కౌన్సిల్ ఆమోదించుకున్న ప్రొసీజర్స్ పుస్తకం. మాట్లాడటానికి ఎన్ని నిమిషాలు, ఏ అంశం తర్వాత ఏ అంశం అన్నది ఇందులో ఉంటుంది. మూడోది సభా మర్యాద, అంటే మోషన్ (ఓటుకు పెట్టే ప్రతిపాదన) ఎలా పెట్టాలి, ఎవరు ఎప్పుడు మాట్లాడాలి అన్నవి. 1876లో హెన్రీ రాబర్ట్ రాసిన రూల్స్‌ను వాడే ఊళ్లున్నాయి. వాటిని బాగా కుదించి జడ్జి డేవ్ రోజెన్‌బర్గ్ రాసిన రూల్స్‌ను కాలిఫోర్నియాలో చాలా ఊళ్లు వాడుతున్నాయి. మీ ఊరు ఏది వాడుతుందో క్లర్క్‌ను అడిగితే చెబుతారు.

1. మీ కౌన్సిల్ లెక్క తెలుసుకోండి

కూపర్టినోలో కౌన్సిల్ సభ్యులు ఐదుగురు. శాన్‌హోజేలో మేయర్‌తో కలిపి పదకొండు మంది. సగానికి మించి హాజరైతే కోరం, అంటే సభ జరపడానికి సరిపడా మంది ఉన్నట్టు. సొంత చార్టర్ లేకుండా రాష్ట్ర సాధారణ చట్టం కింద నడిచే ఊళ్లలో చాలామందికి తెలియని సూక్ష్మం ఒకటుంది. ఆర్డినెన్స్‌కైనా (ఊరి చట్టం), తీర్మానానికైనా, డబ్బు చెల్లింపుకైనా హాజరైనవాళ్లలో మెజారిటీ చాలదు, మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి. ఐదుగురి కౌన్సిల్‌కు ఆ రాత్రి ముగ్గురే వస్తే, ఆ ముగ్గురూ ఔననాలి. రెండు ఔను, ఒకటి కాదు అయితే ఆ తీర్మానం వీగిపోయినట్టే. మీకు ముఖ్యమైన అంశం వచ్చే రోజు ఎవరెవరు రావడం లేదో ముందే కనుక్కోవడం అందుకే.

ఇంకో సంగతి. ఆ అంశంలో సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ సంగతి సభలో చెప్పి తప్పుకోవాలి. సాధారణంగా గదిలోంచి బయటికి వెళ్లిపోతారు. దాంతో ఓటు లెక్క మళ్లీ మారుతుంది.

2. అజెండా రాగానే చదవండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. రెగ్యులర్ మీటింగ్ అయితే కనీసం 72 గంటల ముందు, జనం ఎప్పుడైనా వెళ్లి చూడగలిగే చోటా, ఊరి వెబ్‌సైట్లోనూ అజెండా పెట్టాలి. మంగళవారం సాయంత్రం ఏడింటికి మీటింగ్ ఉంటే శనివారం ఏడింటికల్లా రావాలన్నమాట. చాలా ఊళ్లు గురువారమో శుక్రవారమో పెట్టేస్తాయి. స్పెషల్ మీటింగ్‌కు 24 గంటల నోటీసు చాలు. కానీ నోటీసులో రాసిన అంశాలు తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు, మనం కూడా వాటి మీదే మాట్లాడాలి. విపత్తు లాంటి ఎమర్జెన్సీ వస్తే పత్రికలకు గంట ముందు చెప్పి కూర్చోవచ్చు.

ప్రతి అంశానికీ చిన్న వివరణ రాయాలి. ఇరవై మాటలకు మించనక్కర్లేదని చట్టమే చెప్పింది. ఆ ఇరవై మాటల్లో మీ వీధి పేరు ఉండకపోవచ్చు. మాకు జరిగింది అదే. ‘వార్షిక ట్రాఫిక్ సేఫ్టీ ప్రాజెక్టుకు నిధుల కేటాయింపు’ అని ఉంది. స్కూల్ పేరు లేదు కాబట్టి మేం దాటేశాం. దానికి జతచేసిన స్టాఫ్ రిపోర్టు తెరిస్తే నాలుగో పేజీలో ఏ కూడళ్లలో పని చేస్తారో పట్టిక ఉంది. మా స్కూల్ అందులో లేదు. ఆ పట్టిక చూసి ఉంటే ఏడూ ఇరవైకే మైకు దగ్గర నిలబడేవాళ్లం.

అందుకని ప్రతి అంశానికీ స్టాఫ్ రిపోర్టు తెరవండి. మొదట ‘సిఫార్సు’ అన్న పేరా చదవండి, కౌన్సిల్ ఏం చేయాలని సిబ్బంది అడుగుతున్నారో అక్కడే ఉంటుంది. ఆ తర్వాత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. అజెండా వెళ్లాక చివరి నిమిషంలో సభ్యుల్లో ఎక్కువమందికి పంచే కాగితాలు కూడా అదే సమయానికి జనానికి అందుబాటులో ఉంచాలి. ‘సప్లిమెంటల్ మెటీరియల్స్’ అనే పేరుతో కనిపిస్తాయి. మీటింగ్ రోజు మధ్యాహ్నం మరోసారి వెబ్‌సైట్ చూడటం మర్చిపోకండి.

అజెండాలో మూడు రకాల అంశాలుంటాయి. కన్సెంట్ క్యాలెండర్ అంటే మామూలువి అని సిబ్బంది భావించిన అంశాల మూట, చర్చ లేకుండా ఒకే ఓటు. పబ్లిక్ హియరింగ్ అంటే ప్రజల మాట విన్నాకే నిర్ణయం చేయాలని చట్టం చెప్పినవి. మూడోది మామూలు చర్చకు వచ్చేవి. కన్సెంట్‌లో ఉన్నదాని మీద కూడా మాట్లాడే హక్కు మనకుంది. దాన్ని మూటలోంచి తీసి విడిగా చర్చించాలంటే కొన్ని ఊళ్లలో మామూలు మనిషి అడిగినా తీస్తారు, కొన్నిట్లో కౌన్సిల్ సభ్యుడే అడగాలి. సభ్యుడే అడగాలంటే మీటింగ్‌కు ముందు రోజే ఆయనకు ఈమెయిల్ రాయాలి. హాల్లో చెయ్యెత్తితే సరిపోదు.

3. మీ విషయం అజెండాలో లేకపోతే

అజెండాలో లేని విషయం మీద కూడా, అది ఊరి పరిధిలోదైతే చాలు, రెగ్యులర్ మీటింగ్‌లో మాట్లాడనివ్వాలి. కానీ కౌన్సిల్ దాన్ని చర్చించకూడదు, నిర్ణయం తీసుకోకూడదు. ఒక ప్రశ్న అడగొచ్చు, క్లుప్తంగా జవాబు చెప్పొచ్చు, సిబ్బందికి అప్పగించొచ్చు, ఇంకో మీటింగ్ అజెండాలో పెట్టమనొచ్చు. అంతవరకే.

మన దగ్గర సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చిన అలవాటున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. అక్కడ అధికారి ఎదురుగా కూర్చుని ‘ఏంటమ్మా నీ సమస్య’ అని అడుగుతాడు. ఇక్కడ ఏడుగురు పెద్దవాళ్లు రాతిబొమ్మల్లా వింటారు. అది నిర్లక్ష్యం కాదు. అజెండా చూసి ‘ఈ రోజు మనకు సంబంధించినదేమీ లేదు’ అనుకుని ఇంట్లో ఉండిపోయిన పొరుగువాళ్ల హక్కును కాపాడే నియమం అది. మనం లేని రోజు మన వీధి గురించి తేల్చేయకుండా ఆపేదీ అదే.

కాబట్టి అజెండాలో లేని మాటకు మీరు అడగాల్సింది ఒక్కటే: ‘దీన్ని ఫలానా నెలలోపు అజెండాలో పెట్టండి’. అంతకంటే మంచి దారి, ముందే మీ ప్రాంత సభ్యుణ్ణి కలవడం. ఒక అంశాన్ని అజెండాలోకి తేవడానికి కొన్ని ఊళ్లలో ఒక సభ్యుడు చాలు, కొన్నిట్లో ఇద్దరు కావాలి. రోడ్లు, డ్రైనేజీ, సిగ్నళ్లయితే పబ్లిక్ వర్క్స్ సిబ్బందితో కూడా మాట్లాడండి. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, బడ్జెట్ జూన్‌లో ఖాయమవుతుంది. సెప్టెంబరులో వెళ్లి డబ్బు అడిగితే చేతులెత్తేస్తారు. ఫిబ్రవరి, మార్చిలో అడగాలి.

ఇక్కడొక హెచ్చరిక. మనకు ఏ పని మొదలుపెట్టినా వాట్సాప్ గ్రూప్ పెట్టడం అలవాటు. అందులో కౌన్సిల్ సభ్యులను చేర్చకండి. మెజారిటీ సభ్యులు మీటింగ్ బయట, ఒకేసారి గానీ ఒకరి ద్వారా ఒకరు గానీ ఊరి పనిని చర్చించుకోవడం బ్రౌన్ యాక్ట్ ప్రకారం నేరం కిందికి రావచ్చు. ఒక సభ్యురాలు మీతో అన్న మాటను ఇంకో సభ్యుడికి, ఆయన మాటను మూడో ఆయనకు మోస్తే, ఐదుగురి కౌన్సిల్‌లో మెజారిటీ దొంగచాటుగా కూడినట్టే లెక్క, మధ్యవర్తి మీరే. సోషల్ మీడియాలో ఒక సభ్యుడు ఊరి పని గురించి పెట్టిన పోస్టుకు ఇంకో సభ్యుడు లైక్ కొట్టడం కూడా నిషిద్ధమే. ప్రతి సభ్యుణ్ణీ విడివిడిగా కలవండి, మీ మాట మాత్రమే చెప్పండి.

4. ఉత్తరం రాయండి, ముఖ్యంగా పబ్లిక్ హియరింగ్ ఉంటే

క్లర్క్‌కు ఈమెయిల్ పంపితే అది రికార్డులోకి ఎక్కుతుంది, సభ్యులందరికీ అందుతుంది. సబ్జెక్టులో అంశం నంబరు వేయండి. సగం పేజీ చాలు.

ఇంటి పక్కన కొత్త నిర్మాణం, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిబంధన) మార్పు లాంటి హియరింగులకు ఉత్తరం రాయడం తప్పనిసరి అనుకోండి. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే, హియరింగ్‌లో గానీ అంతకుముందు రాతపూర్వకంగా గానీ లేవనెత్తిన అభ్యంతరాలకే పరిమితం చేస్తారు. నీళ్ల ప్రవాహం గురించి అప్పుడు అనకపోతే తర్వాత అనే అవకాశం పోతుంది. ఒకే పెద్ద అభ్యంతరం మీద పది పేజీలు రాసే కంటే, ఉన్న అభ్యంతరాలన్నీ ఒక్కో వాక్యంలోనైనా రాయడం మేలు. మీరే రాయక్కర్లేదు, ఇంకొకరు లేవనెత్తినా సరిపోతుంది. అందుకే ఇరుగుపొరుగు కూర్చుని పంచుకోవాలి.

5. మైకు దగ్గర

హాలు తలుపు దగ్గర స్పీకర్ కార్డులుంటాయి. అంశం నంబరు రాసి క్లర్క్‌కు ఇవ్వండి. మీటింగ్‌కు హాజరవడానికి పేరు, అడ్రసు చెప్పాలని ఎవరూ షరతు పెట్టకూడదు. ఫోన్‌లో రికార్డు చేసుకునే హక్కు మీకుంది. 2025లో తెచ్చిన సవరణతో, 30,000 లేదా అంతకంటే ఎక్కువ జనాభా ఉన్న ఊళ్ల కౌన్సిళ్లు 2026 జూలై 1 నుంచి ఫోన్ ద్వారా గానీ వీడియో ద్వారా గానీ ఇంటి నుంచి మాట్లాడే వీలు కల్పించాలి. చిన్నపిల్లలున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట.

సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. మనుషులు ఎక్కువైతే రెండుకో ఒకటికో తగ్గించే అధికారం అధ్యక్ష స్థానానికి ఉంటుంది. అందుకే రెండు కాగితాలు పట్టుకెళ్లండి, ఒకటి మూడు నిమిషాలది, ఇంకొకటి ఒక నిమిషానిది. ఏం కావాలో మొదటి వాక్యంలో చెప్పేయండి. ‘పదకొండో అంశాన్ని విడిగా తీసి, మా స్కూల్ కూడలిని అందులో చేర్చమని కోరుతున్నాను’ అని మొదలుపెడితే, గంట మోగి మధ్యలో ఆపినా మీ పని అయినట్టే.

మనవాళ్లలో చాలామందికి తెలియని హక్కు ఇంకోటుంది. ఇంగ్లిష్ రానివాళ్లు దుబాసీ సాయంతో మాట్లాడితే మామూలు సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలి. వింటూ ఉండగానే చెవిలో అనువాదం వినిపించే పరికరం కౌన్సిల్ వాడితే తప్ప. ఆ నిధుల అంశం మళ్లీ అజెండాకు వచ్చి రెండోసారి మేం వెళ్లినప్పుడు మా అత్తగారు మాట్లాడారు, నేను పక్కన నిలబడి ఇంగ్లిష్‌లో చెప్పాను. ముందే క్లర్క్‌కు రాశాం కాబట్టి గడియారంలో ఆరు నిమిషాలు పెట్టారు. ఆవిడ లెక్కలేం చెప్పలేదు. ‘నాకు మోకాళ్ల నొప్పులు. మనవణ్ణి చెయ్యి పట్టుకుని సగం రోడ్డు దాటేసరికి కారు వచ్చేస్తుంది. వాడు నన్ను లాగుతాడు, నేను లాగలేను. వర్షం రోజున వాడి ఎర్ర గొడుగు చూసి ఆగిన కార్లున్నాయి, నన్ను చూసి ఆగినవి తక్కువ.’ తెలుగులో అన్నప్పుడు హాలు నిశ్శబ్దంగా ఉంది. నేను ఇంగ్లిష్‌లో చెప్పడం పూర్తికాకముందే ఇద్దరు సభ్యులు స్టాఫ్ రిపోర్టులో ఆ పట్టిక ఉన్న పేజీ తిప్పారు.

కౌన్సిల్‌ను, సిబ్బందిని, ఊరి విధానాలను విమర్శించినంత మాత్రాన నోరు మూయించకూడదని చట్టంలోనే ఉంది. మీటింగ్ నిజంగా సాగకుండా అడ్డుపడితేనే, అదీ సాధారణంగా ముందు హెచ్చరించాకే, బయటికి పంపవచ్చు. మాట ఘాటుగా ఉన్నా అధ్యక్షుడి వైపు చూసి మాట్లాడండి. ఎదుటి వర్గంవాళ్ల వైపు తిరిగి వాదనకు దిగితే సమయమంతా అక్కడే కరిగిపోతుంది.

6. మోషన్ వచ్చాక ఏం జరుగుతుందో గమనించండి

జనం మాట విన్నాక మైకు ఆపేస్తారు. ఒక సభ్యుడు మోషన్ పెడతాడు, ఇంకొకరు సెకండ్ చేస్తారు (బలపరుస్తారు), చర్చ జరుగుతుంది. దాన్ని కొంచెం మార్చమంటే అమెండ్‌మెంట్, మొత్తం పక్కన పెట్టి వేరేది పెడితే సబ్‌స్టిట్యూట్ మోషన్. రోజెన్‌బర్గ్ రూల్స్‌లో ఒకేసారి మూడింటి వరకు బల్ల మీద ఉండొచ్చు, చివర వచ్చినదానికి మొదట ఓటు. చివరిది నెగ్గితే, అది సబ్‌స్టిట్యూట్ అయిన పక్షంలో, ముందువి ఓటుకు రానే రావు. మీకు నచ్చిన మోషన్ మొదటిదైతే ఓడిపోయిందని కంగారుపడొద్దు, ఇంకా దాని వంతు రాలేదేమో చూడండి.

సమానంగా ఓట్లు చీలితే మోషన్ వీగినట్టే. చర్చను బలవంతంగా ఆపి ఓటుకు వెళ్లాలంటే మూడింట రెండొంతులు కావాలి. ఐదుగురిలో అది నలుగురు. రహస్య ఓటు ఉండదు, ఎవరు ఎటు వేశారో బయటపెట్టాలి. మా కూడలిని చేర్చే అమెండ్‌మెంట్ మా అత్తగారు మాట్లాడిన రాత్రి ఒక ఓటు తేడాతో నెగ్గింది. ఎవరు వ్యతిరేకించారో ఈ రోజుకీ మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, ఉంది.

7. ఆర్డినెన్స్ అయితే రెండో అవకాశం ఉంటుంది

తీర్మానం ఒక్కసారిలో అయిపోతుంది. ఊరి చట్టం, అంటే ఆర్డినెన్స్, సాధారణ చట్టం కింద నడిచే ఊళ్లలో మొదటి రోజు ప్రవేశపెట్టి కనీసం ఐదు రోజులు ఆగాకే ఆమోదించాలి. ఆమోదించాక మామూలుగా 30 రోజులకు అమల్లోకి వస్తుంది. అత్యవసరమని చెప్పి వెంటనే అమలు చేయాలంటే ఐదింట నాలుగొంతుల ఓట్లు కావాలి. మొదటి రోజు మీ మాట నెగ్గకపోతే రెండో రోజుకు సిద్ధం కండి. చాలాసార్లు రెండోసారి అది కన్సెంట్ క్యాలెండర్‌లో నిశ్శబ్దంగా వస్తుంది.

8. క్లోజ్డ్ సెషన్

కోర్టు కేసులు, స్థలాల కొనుగోలు ధర, ఉద్యోగుల నియామకం లేదా క్రమశిక్షణ, యూనియన్లతో బేరాలు లాంటి కొన్నిటికే తలుపులు మూయొచ్చు. అవి కూడా అజెండాలో కనిపించాలి, లోపలికి వెళ్లేముందు జనాన్ని మాట్లాడనివ్వాలి, చట్టం చెప్పిన నిర్ణయాలను బయటికొచ్చి ప్రకటించాలి.

9. నియమం తప్పితే

అజెండాలో లేనిదానికి ఓటు వేస్తుంటే అప్పటికప్పుడే, మర్యాదగా, ఈ అంశం అజెండాలో లేదని మైకులో చెప్పండి. ఊరి లాయరు, సిటీ అటార్నీ, అక్కడే కూర్చుని ఉంటారు, చాలాసార్లు అక్కడికక్కడే సరిదిద్దుతారు. అజెండా పెట్టాక పుట్టుకొచ్చిన అవసరమని మూడింట రెండొంతుల ఓటుతో కొత్త అంశం చేర్చే వీలు చట్టంలో ఉంది కాబట్టి, అలా ఓటు జరిగిందో లేదో ముందు చూసుకోండి.

అయినా వినకపోతే ‘సరిదిద్దండి’ అని రాతపూర్వకంగా డిమాండ్ చేయొచ్చు. ఏ నిర్ణయం, ఏ తేదీన, ఏ నియమానికి విరుద్ధమో అందులో స్పష్టంగా ఉండాలి. బహిరంగ సభలోనే జరిగిన అజెండా ఉల్లంఘనకు గడువు 30 రోజులు, మిగతావాటికి 90 రోజులు. కౌన్సిల్‌కు జవాబివ్వడానికి 30 రోజులుంటుంది. కాదన్నా, బదులే ఇవ్వకపోయినా, ఆ తర్వాత 15 రోజుల్లోపు కోర్టుకు వెళ్లాలి. జిల్లా అటార్నీ (కౌంటీ ప్రభుత్వ ప్రాసిక్యూటర్) వెళ్లొచ్చు, సంబంధం ఉన్న మామూలు మనిషైనా వెళ్లొచ్చు. ఈ గడువుల్లో ఒక్కరోజు దాటినా కేసు నిలవకపోవచ్చు. నియమాన్ని చాలావరకు పాటించారని తేలితే గానీ, ఆ నిర్ణయాన్ని నమ్మి ఎవరైనా కాంట్రాక్టు చేసుకుని ఉంటే గానీ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేయకపోవచ్చు. అందుకని కోర్టు మెట్లెక్కేముందు లాయరుకు చూపించండి. ఉత్తరం మాత్రం ఆగకుండా రాసి, క్లర్క్‌కూ సిటీ అటార్నీకీ ఒక్కో కాపీ ఇచ్చి, అందినట్టు తేదీ ముద్ర వేసిన మూడో కాపీని మీ దగ్గర పెట్టుకోండి.